మందులకు లొంగని క్రిములు

నేఁడు నేను జపానుదేశపు జిగట విరేచనముల చరిత్రను ప్రస్తావించెదను. రెండవ ప్రపంచయుద్ధానంతర మచ్చట సల్ఫా మందులు విరివిగా వాడఁబడి, కొలఁది యేండ్లకే నిష్ఫలములయ్యెను. పిమ్మట స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ వచ్చెను. ఈ కడపటి కుటుంబమున మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధ్యక్షులుగా నుండిన లెడర్లీ ప్రయోగశాలనుండియే.

1955లో హాంకాంగునుండి జపానుకు మరలివచ్చిన యొక స్త్రీ రోగక్రిమి ఈ నాల్గు మందులకును లొంగలేదు. నాల్గు కవచము లొక్కమాఱుగా నెట్లు లభించెను? 1959లో అకిబా, ఒచియాయి పండితులు వేర్వేరుగా దీనిని శోధించిరి. మన ప్రేవులలో సామాన్యముగా వసించు ఇ.కోలై క్రిమితో రోగక్రిమిని కలిపియుంచఁగా, దాని ధిక్కారశక్తి దీనికి సంక్రమించెను. ఆస్తి తండ్రినుండి కొడుకునకు వచ్చుట మన మెఱుఁగుదుము. ఇచ్చటనో, పరాయిజాతివానికి దస్తావేజు నకలిచ్చినట్లే. అసలు ఇచ్చినవానియొద్దనే నిలుచును. ఆ దస్తావేజును ప్లాస్మిడు అందురు. 1963లో వతనబె ఆంగ్లమున విపులముగా వ్రాయువఱకు పాశ్చాత్యులు దీనిని తగినంతగా గమనింపరైరి.

ఇతర మందులు విఫలమైనపుడు వైద్యులు వాడునది కొలిస్టిన్. దానిని ధిక్కరించు నిట్టి నకలే 2015లో చైనా పందులయందు బయల్పడి, త్వరలోనే యితర ఖండములందును కానవచ్చెను. మన ప్రభుత్వము 2019లో కోళ్లకును, చేపల చెఱువులకును ఆ మందును నిషేధించినది.