బళ్ళారి రాఘవ

బళ్ళారి రాఘవ (2 ఆగస్టు 1880 – 16 ఏప్రిల్ 1946) తెలుగు రంగస్థల నటుడు, ప్రయోక్త, వృత్తిరీత్యా న్యాయవాది. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. పద్యమే ప్రాణమనుకునే తెలుగు నాటకంలో నటనకు పెద్దపీట వేసినవాడు, స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టినవాడు.

నేపథ్యం

రాఘవ పెన్న ఒడ్డునున్న తాడిపత్రిలో జన్మించారు. అప్పటికింకా అనంతపురం జిల్లా లేదు. వానలు ముఖం చాటేసే ఆ మెట్టసీమ బళ్ళారి జిల్లాలో భాగంగా ఉండి, 1882లో వేరుపడింది. జిల్లా వేరైనా నాటకానికి మాత్రం బళ్ళారే కేంద్రం. రాఘవ మేనమామ, ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ సరస వినోదిని సభను స్థాపించారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివిన రాఘవ బళ్ళారిలో వకీలుగా స్థిరపడి, కోర్టు పనితోపాటే రంగస్థలాన్నీ కొనసాగించారు.

నటన

మేనమామ తన నాటకాల్లో పద్యాలకు, పాటలకు చోటిచ్చారు. క్రమంగా రాగాలాపనే నాటకమైపోయింది. కథ ఎక్కడున్నా, ‘వన్స్ మోర్’ అనగానే నటుడు పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు. రాఘవ ఆ ఒరవడిని కాదన్నారు. పాత్ర మనసు చూపులో, నడకలో, మాట విరుపులో తెలియాలన్నది ఆయన పద్ధతి. దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, రామదాసు, చాణక్యుడు ఆయనకు పేరు తెచ్చిన పాత్రలు. కోలాచలం వారి రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుం వేషం ఆయన కీర్తిని ఊరూరా చాటింది. షేక్‌స్పియర్ నాటకాలను ఇంగ్లీషులోనూ ఆడారు. కన్నడ, హిందీ రంగస్థలాలూ ఆయనకు పరిచితాలే. ఆయన హిందీలో ప్రదర్శించిన దీనబంధు కబీరును 1927లో గాంధీజీ తిలకించారు. 1928లో రాఘవ యూరప్ వెళ్ళి, ఇంగ్లండులో బెర్నార్డ్ షాను కలుసుకున్నారు.

స్త్రీ పాత్రల సంస్కరణ

సురభి వంటి కుటుంబ సమాజాల్లో స్త్రీలు నటిస్తున్నా, ఔత్సాహిక సమాజాల్లో ఆడవేషాలు మగవారివే. రాఘవ విద్యావంతులైన స్త్రీలను ఆహ్వానించి, తర్ఫీదునిచ్చి, వారితో కలిసి నటించారు. కొప్పరపు సరోజిని, కొమ్మూరి పద్మావతి వారిలో ముఖ్యులు. పరువు పోతుందని సంఘం వెనక్కి లాగే రోజుల్లో పేరున్న వకీలు తోడు నిలవడం వారికి పెద్ద అండ అయింది.

చలనచిత్రాలు

ద్రౌపదీ మానసంరక్షణం (1936)లో దుర్యోధనుడిగా తెరపై కనిపించారు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ (1939)లో రైతు నర్సిరెడ్డి పాత్ర ధరించారు. జమీందారీ పెత్తనాన్ని ఎండగట్టిన ఆ చిత్రం నిషేధానికి గురైంది. చండిక (1940)లోనూ నటించారు.

ప్రభావం

సినిమాలు కొద్దే కావడంతో రాఘవ కీర్తి ప్రధానంగా రంగస్థలానిదే. సంభాషణ బలంతో నడిచే సాంఘిక నాటకానికీ, ఔత్సాహిక వేదికపై నటీమణుల ప్రవేశానికీ ఆయన కృషి బాట వేసింది.