గేరు రాడ్డు స్థానచలనం: ఏటూరునాగారం దారుల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మాన్యువల్ కారులో గేరు రాడ్డును మార్పించుకోవడం నేడు యువత అభిరుచిగా కనిపిస్తుంది. కానీ దాని వెనుక సీట్ల లెక్క, దారుల స్వభావం, మెకానిక్కుల చేతిపని కలగలసిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను అటవీ ప్రాంతపు దారుల నేపథ్యంలో పరిశీలించి, ఈ వృత్తిజ్ఞానాన్ని నమోదు చేయవలసిన ఆవశ్యకతను తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గేరు రాడ్డు, అంబాసిడర్, జీపు, ఏటూరునాగారం, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:
ఏటూరునాగారం గోదావరికీ అడవికీ నడుమనున్న ఊరు. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఈ ప్రాంతం 2019 నుంచి ములుగు జిల్లాలో భాగం. ఇక్కడి అడవిని 1952లోనే వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్నదీ ఇక్కడే. వరంగల్ నుంచి ములుగు, తాడ్వాయి మీదుగా సుమారు వంద కిలోమీటర్ల దారి. అందులో చాలా భాగం అడవే. ఇటువంటి దారిలో బండి ఆగితే డ్రైవరే తొలి మెకానిక్ కావలసి ఉంటుంది. కనుక గేరు రాడ్డు ఎక్కడ ఉన్నది, ఎంత సులువుగా బాగవుతుంది అన్నవి ఇక్కడ అలంకారానికి సంబంధించిన ప్రశ్నలు కావు.

2. స్టీరింగు పక్క గేరు, నేల గేరు:
తొలినాటి కార్లలో గేరు రాడ్డు ఎక్కువగా నేలమీదనే ఉండేది. 1930ల చివర అమెరికన్ కంపెనీలు దానిని స్టీరింగు స్తంభం పక్కకు మార్చాయి. ముందు సీటులో ముగ్గురు కూర్చునే వీలు కలగడం ఈ మార్పుకు ముఖ్యకారణం. హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి తయారుచేసిన అంబాసిడర్‌లోనూ, ప్రీమియర్ పద్మినిలోనూ ఈ పద్ధతే కొనసాగింది. మనదేశంలో దీనికి ఆర్థిక ప్రయోజనం కూడా తోడైంది. అద్దెకారుకు ముందు సీటులో ఒక మనిషి అదనంగా పడితే అది అదనపు ఆదాయమే.

అయితే ఈ అమరికలో చేతికీ గేరుబాక్సుకూ మధ్య కడ్డీలు, కీళ్లు, బుష్‌లు ఎక్కువ. బుష్‌లు అరిగినకొద్దీ ‘ప్లే’ పెరుగుతుంది. రెండు గేర్ల మధ్య కడ్డీలు ఇరుక్కుపోతాయి. అప్పుడు బానెట్ ఎత్తి వాటిని చేతితో విడదీయడం అంబాసిడర్ డ్రైవర్లకు పరిచితమైన పని.

జీపు సంగతి వేరు. దాని రాడ్డు సాధారణంగా నేలమీదనే, గేరుబాక్సుకు నేరుగా పైన ఉండేది. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పాత జీపులలో దాని పక్కన మరో రెండు లివర్లు కూడా ఉండేవి. మధ్యలో కీళ్లు తక్కువ కనుక చెడేవీ తక్కువే. వాగులు, మట్టిదారులు ఉన్న ప్రాంతాలకు జీపు తగినదవడంలో ఈ సరళత పాత్ర కూడా ఉంది.

3. మార్పిడి పని:
1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో నేల గేరు ఉన్నది. 1990ల ఆరంభంలో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్‌లోనూ కంపెనీయే నేల గేరును అమర్చింది. పాత కార్ల యజమానులలో కొందరు అదే మార్పును మెకానిక్కుల చేత చేయించుకున్నారు. స్తంభం పక్క కడ్డీలు తీసివేయడం, నేల గేరుకు అనువైన గేరుబాక్సునో దాని పైభాగాన్నో అమర్చడం, నేలరేకును కోసి రాడ్డును పైకి తీయడం, దుమ్మూ నీరూ చొరకుండా రబ్బరు తొడుగు వేయడం ఇందులోని దశలు. దీనివల్ల గేరు కచ్చితంగా పడుతుంది. కానీ ముందు సీటులో నడిమి మనిషికి కాళ్లు పెట్టే చోటు పోతుంది. అంటే డ్రైవరు సుఖానికీ ఆదాయానికీ మధ్య జరిగిన బేరమే ఈ మార్పిడి.

4. షార్ట్ షిఫ్టర్:
నేటి షార్ట్ షిఫ్టర్ అదే బేరానికి కొత్తరూపం. ఉదాహరణకు ఆధారబిందువుకు పైన 30 సెం.మీ., కింద 6 సెం.మీ. ఉన్న రాడ్డు కిందికొన 2 సెం.మీ. కదలాలంటే పైకొన 10 సెం.మీ. కదలాలి. కిందిభాగాన్ని 7.5 సెం.మీ. చేస్తే 8 సెం.మీ. చాలు. చేతి కదలిక అయిదోవంతు తగ్గింది. కానీ ప్రయోగించవలసిన బలం నాలుగోవంతు పెరిగింది. పైగా వేగాలను సమం చేసే సింక్రోమెష్ వలయాలకు కొంత వ్యవధి కావాలి. తొందరపడి తోస్తే అవే ముందుగా అరుగుతాయి. కాబట్టి కొత్త రాడ్డు బిగించేముందు పాత బుష్‌లను పరీక్షించాలి. బిగించాక ఇంజను ఆపి ఉంచి, రివర్సుతో సహా ప్రతి గేరూ పూర్తిగా పడుతున్నదో లేదో చూడాలి. అరిగిన బుష్‌ను మార్చడంతోనే సగం ఇబ్బంది తీరవచ్చు.

చట్టం దృష్టి కూడా గమనార్హం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులకు పరిమితులు విధిస్తుంది. సీట్ల సంఖ్య రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. కనుక గేరుతోపాటు సీటు కూడా మారితే అది కేవలం యజమాని ఇష్టానికి సంబంధించిన విషయం కాదు.

5. ముగింపు:
అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. స్తంభం పక్క కడ్డీలను విడదీయగల చేతులు ఇప్పుడు వార్ధక్యంలో ఉన్నాయి. ఏ కారుకు నేలరేకు ఎందుకు కోశారో కంపెనీ దస్తావేజులు చెప్పవు. కోసినచోటు వేసిన అతుకు, మెకానిక్ జ్ఞాపకం మాత్రమే చెప్పగలవు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం రైతుల మాటను పరిశోధనకు ఆధారంగా నిలిపింది. ‘గేరు పడటం’, ‘ప్లే రావడం’, ‘రాడ్డు ఇరుక్కోవడం’ వంటి మెకానిక్కుల మాటలకూ అటువంటి సేకరణ అవసరం. ఏటూరునాగారం వంటి ఊళ్లలోని మెకానిక్ షెడ్లు ఈ క్షేత్రపరిశోధనకు తగిన ఆకరాలు. ఆ తరం ఉండగానే ఈ పని చేపట్టడం పరిశోధకుల బాధ్యత.