స్పానిష్ రాని స్పెయిన్ రాజు

నేను స్పానిష్ నేర్చుకుంటున్నానని మీకు తెలుసు. పుస్తకంలో చదివితే అర్థమవుతుంది. ఎదురుగా మనిషి నిలబడితే మాత్రం గొంతు పెగలదు. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని భయం. ఆ భయాన్ని తగ్గించిన ఒక రాజుగారి కథ ఇవాళ చెప్పుకుందాం.

ఆయన ఐదో చార్లెస్ చక్రవర్తి. స్పెయిన్‌లో మొదటి కార్లోస్ అంటారు. 1500లో ఘెంట్‌లో, అంటే ఇప్పటి బెల్జియంలో పుట్టాడు. పెరిగిందంతా ఫ్రెంచి మాటల మధ్య. 1517లో, పదిహేడేళ్ళ వయసులో, ఏలుకోవడానికి స్పెయిన్‌లో ఓడ దిగాడు. రాజ్యమైతే వచ్చింది గానీ, అక్కడి భాష రాదు!

మరుసటి ఏడాది వయ్యదోలిద్ నగరంలో కోర్తెస్, అంటే అక్కడి ప్రతినిధుల సభ, కూడింది. వాళ్ళు రాజుకిచ్చిన విన్నపాల్లో ఒకటి ఇదీ: తమరు మా కాస్తీయ భాషలో మాట్లాడండి, మాట్లాడితేనే త్వరగా వస్తుంది, మీరు మాకూ మేము మీకూ అర్థమవుతాం అని. గమనించారా? నేర్చుకున్నాక మాట్లాడమనలేదు. మాట్లాడుతూ నేర్చుకోమన్నారు.

1536లో అదే రాజు రోమ్‌లో, పోప్ మూడో పాల్ ఎదుట, కార్డినళ్ళు, రాయబారులు వింటుండగా, ఫ్రాన్స్ రాజు మీద తన ఫిర్యాదును స్పానిష్‌లోనే సుదీర్ఘంగా వినిపించాడు. మధ్యలో పంతొమ్మిదేళ్ళు గడిచాయి మరి.

మొన్న క్లాసులో నేనూ నోరు తెరిచాను. 'ఎల్ ప్రొబ్లేమా' అనాల్సింది 'లా ప్రొబ్లేమా' అన్నాను. టీచరు సరిదిద్దారు, అంతే. ఎవరూ నవ్వలేదు. నవ్వినా, నా చేతిలో పోయే రాజ్యమేమీ లేదు కదండీ! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.