బడికొచ్చిన డాక్టరు

రాయపూర్ నుంచి జగదల్‌పూర్ వైపు బస్సెక్కితే కాసేపటికే అభన్‌పూర్ వస్తుంది. ఆ దారి 30వ నంబరు జాతీయ రహదారి. దాన్నే పట్టుకుని కిందికి దిగుతూ పోతే ధమ్తరీ, కాంకేర్, జగదల్‌పూర్, కుంట దాటి, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా వచ్చి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో తేలతాం. ఊరు ఛత్తీస్‌గఢ్‌దే అయినా రోడ్డు మనదే.

ఆ బ్లాకులో ఏ సర్కారు బడి ముందైనా పిల్లల ఆరోగ్యం చూసే ‘చిరాయు’ దళం బండి ఆగిందంటే ఆ పూట పాఠాలు సాగవు. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు దిగుతారు. డాక్టర్లలో ఒకరు మగ, ఒకరు ఆడ ఉండాలని నియమం. వరండాలో తూకం మిషను పెడతారు. గోడకు కొలత పట్టీ అంటిస్తారు. ఆరు మీటర్ల అవతల కళ్లు చూసే అట్ట వేలాడదీస్తారు. ఇక పిల్లల వరస. ఆ వరసలో ఒక తమాషా జరుగుతుంది. ముందువాడు గట్టిగా చదువుతుంటే వెనక నిలబడ్డవాడు ఆ అక్షరాలు వరసగా కంఠతా పట్టేస్తాడు. తన వంతు వచ్చేసరికి చూడకుండానే అప్పజెప్పేస్తాడు. చూపు మందంగా ఉన్న పిల్లలే ఇందులో ఎక్కువ ఆరితేరి ఉంటారు, వాళ్లకు అవసరం కనక. అనుభవం ఉన్న చెయ్యి అయితే ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరమే నాలుగు వైపులా తిరిగి ఉండే అట్టను మధ్యమధ్యలో తలకిందులు చేస్తుంది. అక్షరాలు చిన్నవై పోతూ ఉండే ఆ అట్ట సంగతికొస్తే, దాన్ని తయారుచేసింది నెదర్లాండ్స్ కంటి వైద్యుడు స్నెలెన్, 1862లో. మన బడి వరండాలో వేలాడే సామాన్లలో అదే పెద్దది వయసులో.

ఈ వరస ఎక్కడ మొదలైంది?

పిల్లాణ్ణి నిలబెట్టి కొలిచి ఆ కొలత రాసిపెట్టిన తొలివాళ్లలో డాక్టరు లేడు. ఒక తండ్రి ఉన్నాడు. ఫ్రాన్సులో మోంబెయార్ అనే ఆయనకు 1759లో కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాణ్ణి దాదాపు ఆర్నెల్లకోసారి కొలుస్తూ 1777 దాకా పద్దు రాశాడు. ఆయన స్నేహితుడు బుఫాన్ తన ప్రకృతి చరిత్ర సంపుటాల్లో ఆ పద్దు అచ్చు వేశాడు. మనవాళ్లు ద్వారబంధం మీద పెన్సిలు గీతలు గీసి పక్కన తేదీ వేస్తారే, అదే పని, కాస్త శ్రద్ధగా. తర్వాత శాస్త్రవేత్తలు ఆ అంకెలను గీతగా గీసి చూస్తే ఒక సంగతి బయటపడింది. ఎదుగుదల వేగం పుట్టినప్పటి నుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, పదకొండు పన్నెండేళ్లు దాటాక ఒక్కసారిగా ఎగిసి, మళ్లీ పడిపోయింది. ఇవాళ పదేళ్ల పిల్లలను ప్రత్యేకంగా చూడమని వైద్యులు అనడానికి మూలం ఆ ఎగుడే.

తండ్రి ముచ్చటగా చేసిన పనిని సర్కార్లు ఎత్తుకున్నది మాత్రం భయంతో. అమెరికాలోని బోస్టన్ నగరంలో డిఫ్తీరియా, అంటే కంఠసర్పి, పిల్లలను తుడిచిపెట్టేస్తుంటే 1894లో బడులకు 50 మంది వైద్యులను పంపారు. జబ్బున్నవాణ్ణి పట్టుకోవాలి, ఇంటికి పంపేయాలి. అంతే వాళ్ల పని. న్యూయార్క్ కూడా అదే బాట పట్టింది. గజ్జి, కళ్ల కలక, తలలో పేలు, దేనికైనా ఇంటికే. ఇంటికి పోయిన పిల్లకు మందు ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. పొద్దున బడి నుంచి వెళ్లగొట్టిన పిల్లలు సాయంత్రం అదే బడి పిల్లలతో వీధిలో ఆడుకునేవారు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సును నెల రోజులు చూద్దామని పెట్టుకున్నారు. ఆమె పుళ్లు కడిగి మందు రాసింది. ఇళ్లకు వెళ్లి తల్లుల పక్కన కూర్చుని ఎలా రాయాలో చూపించింది. ఏడాది తిరిగేసరికి ఇంటికి పంపేసే పిల్లల సంఖ్య దాదాపు పదో వంతుకు దిగిపోయింది. ఈ మొత్తం చరిత్రలో నాకు నచ్చిన మనిషి ఆమే. యాభై మంది డాక్టర్లు బడి గుమ్మం దగ్గర ఆగిపోతే ఒక నర్సు ఇంటి గుమ్మం తొక్కింది.

ఇంగ్లండుకు పట్టింది ఇంకో భయం. దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధానికి సైన్యంలో చేరతామని వచ్చిన కుర్రాళ్లలో చాలామంది పొట్టిగా, బక్కగా, పుచ్చిపళ్లతో ఉండేసరికి పాలకులకు గుండె జారింది. 1904లో కమిటీ నివేదిక, 1907లో చట్టం, మరుసటేడు నుంచి బడుల్లో వైద్య తనిఖీ. పేరు చూడండి, తనిఖీ! పిల్లవాడి ఒంట్లో బాగుందా అని అడగడం కన్నా, రేపు తుపాకీ మొయ్యగలడా అని చూసుకోవడం అందులో ఎక్కువ.

అప్పటికి అభన్‌పూర్‌కు చిన్న రైలు వచ్చింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేవాళ్లు 1900 ప్రాంతంలో రాయపూర్ నుంచి ధమ్తరీకి నేరోగేజి పట్టాలు వేశారు. అభన్‌పూర్ దగ్గర చీలి ఒక కొమ్మ రాజిం పోయేది. బ్రాడ్‌గేజి మీద రాయపూర్ రైలు రావడానికి 2025 మార్చి 30 దాకా పట్టింది. బడి డాక్టరు ప్రయాణమూ దాదాపు అలాగే నడిచింది.

మన దేశంలో మొదటిసారి బడి పిల్లలకు వైద్య పరీక్షలు జరిగింది బరోడా నగరంలో, 1909లో. అది సయాజీరావు గైక్వాడ్ సంస్థానం. అంతకు మూడేళ్ల ముందే అక్కడ ప్రాథమిక విద్య నిర్బంధం చేశారు. పిల్లలంతా ఒకచోటికి చేరితే కదా డాక్టరు వరస కట్టించగలిగేది! ఆ తర్వాత కథ నత్తనడక. 1946లో భోర్ కమిటీ దేశమంతా చూసి, బడి ఆరోగ్య సేవలు ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు అని తేల్చింది. 1960లో రేణుకా రే అధ్యక్షతన ఇంకో కమిటీ, మరుసటేడు ఇంకో నివేదిక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 బాలల దినోత్సవం నాడు జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. 2013 ఫిబ్రవరి 6న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో వెనకబాటు, వెరసి 30 రకాలు చూడాలి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి. ఛత్తీస్‌గఢ్‌లో దీనికే చిరాయు అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టడంలో వాళ్లది మంచి చెయ్యి. ఆశా కార్యకర్త దేశానికి తెలియకముందే, 2002లోనే, ఊరూరా ‘మితానిన్’లను నిలబెట్టిన రాష్ట్రం అది. మితానిన్ అంటే దైవసాక్షిగా చేసుకున్న నేస్తం.

ఇక పది పన్నెండేళ్ల పిల్లను చెకప్‌కు తీసుకెళితే ఇవాళ ఏం చూస్తారంటే, మొదట మోంబెయార్ చూసిందే. ఈడు రాకముందు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. నాలుగు కూడా రాలేదంటే డాక్టరు కాగితం మీద ఒక గుర్తు పడుతుంది. ఒక్కసారి కొలిస్తే వచ్చేది ఎత్తు మాత్రమే. వేగం తెలియాలంటే నిరుటి కొలత కూడా చేతిలో ఉండాలి. ఆడపిల్లలు ముందు పొడుగవుతారు, మగపిల్లలకు ఒకటి రెండేళ్లు ఆలస్యం. ఆరో తరగతి ఫొటోలో ఆడపిల్లలే వెనక వరసలో నిలబడేది అందుకే. పెద్దమనిషి అయ్యాక ఇక పిల్ల పొడుగవుతుందని ఆశ పెట్టుకునే ఇళ్లున్నాయి. అప్పటికి ఎగుడు దాటిపోయి ఉంటుంది, సాధారణంగా మిగిలేది అయిదారేడు సెంటీమీటర్లే. ఆడపిల్లకు ఎనిమిదేళ్లలోపు, మగపిల్లవాడికి తొమ్మిదేళ్లలోపు ఈడు గుర్తులు కనపడితే చాటుగా మాట్లాడుకుని ఊరుకోకండి, డాక్టరుకు చెప్పండి.

తర్వాత పళ్లు. ఆరేళ్లకు వెనకాల వచ్చే దవడ పళ్లను పాలపళ్లేలే, ఎలాగూ ఊడతాయి అనుకుంటారు చాలామంది. అవి ఊడేవి కావు. జీవితాంతం నమలాల్సినవి పదేళ్లకే గుల్లవుతాయి. పళ్ల మీద సుద్ద రంగు, గోధుమ రంగు చారలుంటే నీళ్ల సంగతి అడుగుతారు. ఫ్లోరైడ్ జబ్బు మన దేశంలో ఉందని 1937లో షార్ట్ బృందం లోకానికి చెప్పింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. నల్లగొండ పేరు ఆ తర్వాత మోగింది. చంటితనంలో తాగిన నీళ్ల లెక్క, శాశ్వత పళ్లు బయటికొచ్చాక, సరిగ్గా ఈ వయసులో తేలుతుంది.

ముందుకు వంగమని వెన్ను చూస్తారు. రక్తపోటు చూస్తారు. మెడ వెనక చూస్తారు. అక్కడ నల్లగా, ముఖమల్ గుడ్డలా మందంగా మచ్చ ఉంటే అమ్మలు సబ్బు పెట్టి, పీచు పెట్టి రుద్దుతుంటారు. అది మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి తరచూ అదే తొలి గుర్తు. బరువు ఎక్కువున్న పిల్లల్లో చూస్తాం. పదేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా టీడీ టీకా ఉంటుంది, పదహారుకు ఇంకోటి. ఐరన్ మాత్ర పదేళ్లలోపు గులాబీ రంగు, పది దాటాక నీలం, వారానికొకటి. నులిపురుగులకు ఆల్బెండజోల్.

అభన్‌పూర్ వైపు రక్తం చూడటంలో ఇంకో మెలిక ఉంది. హిమోగ్లోబిన్ పదకొండున్నర లోపుంటే రక్తహీనత అంటారు, పన్నెండేళ్లు నిండిన పిల్లలకైతే పన్నెండు. తక్కువుందంటే ఐరన్ అని మన బుర్ర చెబుతుంది. కానీ ఛత్తీస్‌గఢ్ సికిల్‌సెల్ నేల. గిరిజనుల్లోనే కాదు, మైదానంలో సేద్యం చేసుకునే కులాల్లోనూ ఉంది. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే ఈ జబ్బును 1910లో చికాగో వైద్యుడు హెరిక్ రాస్తే, మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. కీళ్ల నొప్పి, పచ్చకళ్లు, మాటిమాటికీ జ్వరం. ఏళ్ల తరబడి ఐరన్ మింగినా కణం ఆకారం మారదు. రాయపూర్‌లో దీనికోసమే సికిల్‌సెల్ సంస్థ ఉంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్ శహడోల్‌లో మొదలైన జాతీయ మిషన్ 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లెక్క వేసుకుంది. అమ్మ దగ్గర్నుంచి ఒక జన్యువు, నాన్న దగ్గర్నుంచి ఒకటి వస్తేనే జబ్బు. ఒకటే వస్తే పిల్ల బాగానే ఉంటుంది గాని మోసుకు తిరుగుతుంది. ఆ సంగతి పదేళ్లకే తెలిస్తే పెళ్లినాటికి చూసుకోవచ్చు.

ఇప్పుడు అదే రోడ్డు మీద భద్రాచలం దాకా రండి. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం. కొందరు పిల్లలు చనిపోవడంతో గగ్గోలు లేచి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా వల్లే చనిపోయారని విచారణలో తేలలేదు. తేలింది ఇంకోటి. ఎన్నో సమ్మతి పత్రాల మీద సంతకాలు తల్లిదండ్రులవి కావు, హాస్టల్ వార్డెన్లవి, హెడ్‌మాస్టర్లవి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసేదే. ఈ ఈడులో వేయించుకుంటేనే ఎక్కువ ఫలితం. కానీ అమ్మానాన్నలను అడగకుండా వేయడం వల్ల మంచి టీకాకే మచ్చ పడి, ఏళ్లపాటు జనం దాని పేరు చెబితేనే జంకారు. లీనా రోజర్స్ తొక్కిన గుమ్మాన్ని వందేళ్ల తర్వాత మనవాళ్లు దాటేసి వెళ్లిపోయారు.

బండి కన్ను పట్టుకోలేనివి కొన్ని ఉంటాయి. రాత్రిళ్లు గురక, పక్క తడపడం, నెలసరి నొప్పికి బడి మానేయడం, మేనమామకు సికిల్‌సెల్ ఉండటం, ఇవి ఇంట్లోవాళ్లకే తెలుసు. ఇంట్లోవాళ్లకూ తెలియనివి ఇంకొన్ని. అమెరికాలో ఉన్న మన తెలుగు అమ్మలు మొదటిసారి కంగారుపడేది ఇక్కడే. పిల్లకు పదకొండో పన్నెండో వచ్చాక, మీరు కాసేపు బయట కూర్చోండి అంటుంది డాక్టరు. తల్లి ముందు నోరు విప్పని పిల్ల బడిలో ఏడిపించేవాళ్ల గురించో, ఒంటి మీద భయం గురించో అప్పుడు చెబుతుంది. మన దగ్గరా పిల్లల వైద్యులు మెల్లగా ఈ అలవాటు చేసుకుంటున్నారు. నొచ్చుకోకుండా బయటికి వెళ్లి కూర్చోండి, అయిదు నిమిషాలే.

చిరాయు బండి వచ్చిన రోజున, దళానికి ఏదైనా అనుమానం తగిలితే, పిల్ల సంచీలో రిఫరల్ కార్డు ఒకటి ఇంటికొస్తుంది. దాని మీద పెద్దాసుపత్రిలో చేసే వైద్యం ఉచితం. పుస్తకానికి అట్ట వేయడానికి పోకముందే ఒకసారి విప్పి చూడండి.