గుడ్లు పెట్టే ఇసుక ఏమైంది?

తాబేలు నీటి జంతువే కదా, దానికి ఒడ్డుతో పనేమిటని మీరు అడగవచ్చు. ఏడాదికి కొద్ది గంటలే పని. ఆ కొద్ది గంటలకు తగిన చోటు దొరక్కపోవడం గంగానదిలో ఒక జాతిని దాదాపు కనుమరుగు చేసింది. మాంసం కోసం వేటాడటం దానికి తోడైంది.

శాస్త్రంలో దాని పేరు బటాగర్ కచుగా. చంబల్ తీరంలో 'సాల్' అంటారు. సంతాన రుతువులో మగదాని తల, మెడ మీద ఎరుపు, పసుపు, నీలం రంగులు తేలతాయి. ఆడది మగదానికంటే చాలా పెద్దది. దాని పెంకు అరమీటరు దాటుతుంది, బరువు 25 కిలోల దాకా ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఎడ్వర్డ్ గ్రే 1831లో ఈ జాతికి శాస్త్రీయ నామం పెట్టాడు. 'కచుగా' అంటే మరేమిటో కాదు, హిందీ 'కఛువా'యే! అప్పట్లో గంగలోనూ, దాని ఉపనదుల్లోనూ ఇది మామూలు ప్రాణి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆడతాబేలు రాత్రివేళ ఇసుక దిబ్బ ఎక్కుతుంది. వెనక కాళ్లతో గుంట తవ్వి, ఇరవైకి అటూ ఇటుగా గుడ్లు పెట్టి, పూడ్చి, నీళ్లలోకి వెళ్లిపోతుంది. పొదిగే పని ఇసుక వేడిమిదే. వరద రాకముందే, మే, జూన్‌లలో, పిల్లలు బయటపడాలి. ఇక్కడ ఒక విషయం గమనించండి. గుడ్లను ముంచగల ఆ వరదే దిబ్బను తయారుచేస్తుంది. ప్రతి వానకాలం కొత్త ఇసుక తెచ్చి పోస్తుంది, మొలిచిన గడ్డినీ పొదలనూ ఊడ్చేస్తుంది. తర్వాత నెలల తరబడి దిబ్బ పొడిగా ఉంటుంది. నది ఈ వరస తప్పదన్న లెక్క మీదే తాబేలు బతుకు నడిచింది.

ఆ వరసను మనం మార్చాం. 1854లో హరిద్వార్ వద్ద గంగ కాలువ తెరిచారు. 1878లో నరోరా నుంచి దిగువ గంగ కాలువ వచ్చింది. వీటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1837-38 నాటి ఘోర కరువు తర్వాతే మొదటి కాలువ ఆలోచన ఊపందుకుంది. కాని ఎండకాలపు నీళ్లు కాలువలోకి మళ్లితే ఏమవుతుంది? నది నడుమ ఉన్న లంక ఒడ్డుకు అతుక్కుంటుంది. నిన్నటిదాకా చుట్టూ నీళ్లు కాపాడిన గుడ్ల దగ్గరికి నక్క నడిచి వస్తుంది. ఆనకట్టలు ఇసుకను ఆపేస్తాయి. ఎగువనుంచి వేళకాని వేళ నీళ్లు వదిలితే గుడ్లు మునిగి పాడవుతాయి. తేలిన దిబ్బల మీద రైతులు పుచ్చ, దోస పాదులు పెడతారు. గోదావరి లంకలు చూసినవారికి ఇది తెలిసిన దృశ్యమే. పాదులకు నీళ్లు పోసే నెలలూ, తాబేలు గుడ్లు పెట్టే నెలలూ ఒకటే. పట్టణాలు పెరిగాక ఇసుకే సరుకైంది. లారీలు దిబ్బలనే ఎత్తుకుపోయాయి.

చివరికి చెప్పుకోదగ్గ సంఖ్యలో మిగిలింది చంబల్‌లోనే. అక్కడ గుడ్లు పెట్టే ఆడవి ఐదు వందల లోపేనని అంచనా. ఆ నదిని కొంతవరకు భయమే కాపాడిందంటాను. వానలు కోసేసిన ఆ లోయల్లో బందిపోట్లు ఉండేవారు. పైగా, రంతిదేవుడు బలిచ్చిన పశువుల రక్తం నుంచి పుట్టిన నది అన్న కథ ఒకటి. 1978-79లో ఘరియాల్ మొసళ్ల కోసం అభయారణ్యం ఏర్పడితే, తాబేళ్లకూ రక్షణ దొరికింది. అయినా ఇసుక దొంగతవ్వకాలు ఆగలేదు. అందుకే తీరంలో దొరికిన గుడ్లను కంచె వేసిన ఇసుక మడుల్లోకి మార్చి కాపాడుతున్నారు.

చంబల్ గుడ్లతోనే వారణాసిలో మరో ప్రయత్నం జరిగింది. 1986లో మొదలైన గంగా కార్యాచరణ పథకం కింద గుడ్లను తెచ్చి సారనాథ్‌లో పొదిగించి, పిల్లలను గంగలో వదిలారు. సగం కాలిన శవాలను అవి తింటాయని ఆశ! 1989లో రామ్‌నగర్ కోట నుంచి మాలవీయ వంతెన దాకా 7 కిలోమీటర్లను తాబేళ్ల అభయారణ్యంగా ప్రకటించారు. పిల్లలను వదిలారు సరే, పెరిగాక అవి ఎక్కడ గుడ్లు పెట్టాలి? ఒక ఒడ్డున రాతిమెట్ల ఘాట్లు. ఎదుటి ఒడ్డున ఇసుక ఉన్నా, జనసందడి తప్పదు. 2020లో ఆ అభయారణ్యాన్ని రద్దు చేశారు.

2025 ఏప్రిల్‌లో చంబల్ కేంద్రంలో పెరిగిన 20 సాల్ తాబేళ్లను ఉత్తరప్రదేశ్‌లోని హైదర్‌పూర్ చిత్తడి నేలల వద్ద, ఒంటికి ట్రాన్స్‌మిటర్లు అమర్చి, మళ్లీ గంగకు చేర్చారు. ఒక గుంపును బ్యారేజీకి ఎగువన, రెండోదాన్ని దిగువన ప్రధాన నదిలో వదిలారు. ఏ చోటు వాటికి సరిపడుతుందో తేల్చుకోవడానికే ఈ ఏర్పాటు.