పాలుపోసుకునే గింజకు నత్రజని ఎక్కడి నుంచి వస్తుంది?

సూళ్లూరుపేట చుట్టుపక్కల వరికి ఈశాన్య రుతుపవనమే దిక్కు. ఆ వానలకు చెరువులు నిండితేనే నాట్లు జోరందుకుంటాయి. వెన్ను వేసి గింజ పాలుపోసుకునే వేళకు కింది ఆకులు ఒక్కొక్కటే పసుపుబారతాయి. అది చూసి పైరు ఆకలితో ఉందని మరో దఫా యూరియా చల్లడం మామూలే. అయితే ఆ పసుపు ప్రతిసారీ ఆకలికే గుర్తు కానక్కర్లేదు. చాలాసార్లు అది ఆకు తనలోని నత్రజనిని గింజకు అప్పగిస్తోందనడానికి గుర్తు. ఈ మాటకు ఎంత బలమైన ఆధారాలున్నాయో, ఏ గీత దగ్గర ఆగాలో చూద్దాం.

దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడిలో ఆక్సిజన్ ఉండేది మట్టి పైపొరలోనూ వేళ్ల చుట్టూనూ మాత్రమే. అందుకే మెట్ట నేలలో నైట్రేటుగా మారిపోయే నత్రజని మాగాణిలో ఎక్కువగా అమ్మోనియంగానే ఉంటుంది. యూరియా అయినా, పశువుల ఎరువు అయినా ఆ రూపానికి రావాల్సిందే. సూళ్లూరుపేటకు ఉత్తరాన, దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో గూడబాతులు వేసే రెట్ట సంగతీ అంతే. ఆ నీళ్లు పారిన పొలం బాగా పండుతుందన్న నమ్మకానికి రసాయనశాస్త్రం అడ్డుచెప్పదు. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు అమ్మోనియంగా మార్చగలవు. కానీ ఎకరాకు ఎంత చేరుతుందన్నది కొలిచి చెప్పాల్సిన లెక్క.

వేరు పీల్చిన అమ్మోనియం మోతాదు మించితే కణానికి విషం. అందుకని గ్లుటమిన్ సింథటేజ్ అనే ఎంజైమ్ దాన్ని వేరులోనే చాలావరకు గ్లుటమిన్‌గా మారుస్తుంది. ఆ గ్లుటమిన్ దారువు గుండా నీటితోపాటు పైకి పోతుంది. చిక్కు ఇక్కడే ఉంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యే చోటికే దారువులోని ప్రవాహం ఎక్కువగా సాగుతుంది. ఆకుల నుంచి నీరు ధారాళంగా ఆవిరవుతుంది, పొట్టు లోపల మూసుకుని ఉన్న గింజ నుంచి మాత్రం చాలా తక్కువ. కాబట్టి నత్రజని ముందు ఆకుకు చేరుతుంది. గింజకు వెళ్లాలంటే అక్కడి నుంచి రెండో ప్రయాణం కట్టాలి, ఈసారి ఆకులో తయారైన ఆహారాన్ని మోసే పోషక కణజాలం గుండా.

ఆకు ఈలోపు నత్రజనిని ఊరికే దాచిపెట్టదు, పనిలో పెడుతుంది. వరి ఆకులోని నత్రజనిలో సుమారు పావు వంతు రుబిస్కో అనే ఒక్క ప్రోటీన్‌లోనే ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేది అదే. జపాన్‌లోని తొహొకు విశ్వవిద్యాలయంలో తదహికో మాయె, అమానె మాకినో తదితరులు 1980ల మొదట్లో నత్రజని-15 అనే బరువైన ఐసోటోపును ఆనవాలుగా వాడి ఒకే ఆకును పుట్టుక నుంచి ఎండేదాకా గమనించారు. ఆకు విచ్చుకునేటప్పుడు రుబిస్కో జోరుగా తయారవుతుంది. విచ్చుకున్నాక తయారీ తగ్గి విచ్ఛిన్నం మొదలవుతుంది. వాళ్ల లెక్కల ప్రకారం వెన్నుకు చేరిన నత్రజనిలో దాదాపు 80 శాతం పాత భాగాల నుంచి తరలివచ్చిందే. ఆనవాలు పట్టి చూసిన ఫలితం కనుక ఇది గట్టి ఆధారం. అయితే ఆ శాతం వంగడాన్ని బట్టి, నేలను బట్టి మారుతుంది. దాన్ని మన మాగాణులకు ఉన్నదున్నట్టు అంటగట్టడం సరికాదు.

ఆ రెండో దారిలో, అంటే పోషక కణజాలంలో, ఏం పారుతోందో తెలుసుకోవడం చాలా కష్టం. కాండాన్ని కోస్తే రసాలన్నీ కలిసిపోతాయి. పరిశోధకుడు మిత్సుఓ చినో బృందం ఇందుకు సుడిదోమ సాయం తీసుకుంది. అవును, నెల్లూరు వైపు వరిని సుడులు సుడులుగా ఎండబెట్టే ఆ దోమే. దాని సూదిలాంటి నోరు నేరుగా పోషక కణజాలంలోకి దిగుతుంది. రసం పీల్చే సమయంలో ఆ నోటిని లేజర్‌తో కోసేస్తే, మొక్కలో మిగిలిన ముక్క చివర రసం తనంతట తానే సన్నటి బొట్టుగా ఊరుతుంది. అందులో ఎక్కువ భాగం చక్కెర. నత్రజని మాత్రం ప్రధానంగా అమైనో ఆమ్లాల రూపంలో, అంటే గ్లుటమిన్, ఆస్పరజిన్, గ్లుటమేట్ వంటివాటిగా కనిపించింది. నైట్రేటు స్వల్పం. ఇంత సున్నితమైన ప్రయోగానికి ఒక చీడపురుగు పనిముట్టు కావడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

గింజ దగ్గర దారి మరోసారి తెగుతుంది. తల్లి మొక్క కణాలకూ పిండం, అంకురచ్ఛదం కణాలకూ మధ్య నేరుగా సంబంధం లేదు. గింజ వీపు వెంబడి సాగే నాళం నుంచి అమైనో ఆమ్లాలు బయటికి వచ్చి, రవాణా ప్రోటీన్ల ద్వారా మళ్లీ లోపలికి పోవాలి. 2014లో చైనా పరిశోధకులు వరి గింజలో ప్రోటీన్ శాతాన్ని పెంచే ఓఎస్ఏఏపీ6 జన్యువును గుర్తించారు. అదీ ఇలాంటి రవాణా ప్రోటీన్‌కు చెందినదే.

పసుపు ఆకుకూ గింజలోని ప్రోటీన్‌కూ ఉన్న ముడిని స్పష్టంగా చూపింది గోధుమ. 2006లో కాలిఫోర్నియాలో హోర్హే దుబ్‌కోవ్‌స్కీ బృందం ఒక జన్యు కుటుంబం పనిని తగ్గించింది. ఆకులు మూడు వారాలకు పైగా పచ్చగానే నిలిచాయి, గింజలో ప్రోటీన్ 30 శాతానికి మించి పడిపోయింది. వరిలోనూ ఇంతేనని అనుకోవడానికి వీల్లేదు. వరిలో దానికి దగ్గరి జన్యువును అణచినప్పుడు పుప్పొడి తిత్తులు పగలలేదని 2012లో తేలింది. ఒక పంట జన్యువును చూసి ఇంకో పంట గురించి తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

జన్యువు చెడితే వచ్చే నష్టం నిజమే. వేరులో అమ్మోనియాన్ని మార్చే గ్లుటమిన్ సింథటేజ్ సంగతే చూడండి. దాని రకాల్లో ఒకటైన జీఎస్ 1;1 పని చేయని వరి కుంగిపోయి, గింజ సరిగా నిండలేదని 2005లో తొహొకు బృందమే చూపింది. ఆ ఎంజైమ్‌ను పెంచినంత మాత్రాన దిగుబడి పెరుగుతుందా అంటే, ఫలితాలు ఒక్కతీరుగా లేవు. తగ్గిన సందర్భాలూ ఉన్నాయి.

ఇవన్నీ పొలంలో సిఫారసుకు తోడ్పడేంతవరకే వాడుకోవాలి. వరికి నత్రజనిని దమ్ములో, దుబ్బు చేసే దశలో, అంకురం ఏర్పడే దశలో మూడు భాగాలుగా వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఈ రెండు ప్రయాణాల లెక్కకు సరిపోతుంది. మొదట ఆకులో జమ కావాలి, తరువాత గింజకు చేరాలి. వెన్ను వేశాక వేసిన నత్రజని వృథా అని కూడా అనలేం. అది గింజలో ప్రోటీన్‌ను కొంత పెంచవచ్చు. కానీ అదే నత్రజని పోషక రసంలో అమైనో ఆమ్లాలను పెంచి సుడిదోమకూ మేత అవుతుంది. ఆలస్యంగా యూరియా వేయాలనుకునే రైతు పసుపుబారింది కింది ఆకులేనా, లేక వెన్ను కింద ఉండే పోటాకు కూడానా అని ముందు చూడాలి. కింది ఆకులు మాత్రమే పండి, పోటాకు పచ్చగా ఉంటే బస్తా విప్పక్కర్లేదు. దుబ్బుల మొదళ్లలో దోమ ఉందేమో చూడటం అంతకన్నా ముందు చేయాల్సిన పని.