కర్నూలు బస్సుల కేసు

1964 ఫిబ్రవరిలో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. కారణం బస్సులు. కరువు కాదు, కూలిన ప్రాజెక్టు కాదు, ఢిల్లీ నుంచి వచ్చిన తాఖీదు కూడా కాదు. కర్నూలు జిల్లాలో ఏ రూట్లో ఎవరి బస్సు తిరగాలన్న తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టు తీర్పులో ప్రభుత్వం మీద పడ్డ మాటలు చూసి ఆయన కుర్చీ దిగిపోయారు. అప్పుడాయన డోన్ ఎమ్మెల్యే.

పోటీ పరీక్షలు రాసేవాళ్ళకి ఇది ఒక మార్కు ప్రశ్న. లా చదివినవాళ్ళకి "రౌజీ కేసు". మిగతావాళ్ళం దీన్ని దాదాపు మర్చిపోయాం. నాకు ఇది గుర్తుకొచ్చింది మాత్రం కోర్టుల వైపు నుంచి కాదు, మా వృత్తిలో ఈమధ్య బాగా చెలామణీ అవుతున్న ఒక మాట వల్ల.

దెబ్బ తగిలేకొద్దీ వ్యవస్థ బలపడుతుంది అన్నదే ఆ మాట. నసీమ్ తాలెబ్ 2012లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. గాజు గ్లాసు పడితే పగులుతుంది, రాయి పడినా రాయిలాగే ఉంటుంది, మూడో రకం ఇంకోటుంది, అది పడితే ఇంకాస్త గట్టిపడుతుంది అంటాడు. మన పురాణాల్లో వెతికితే రక్తబీజుడు దొరుకుతాడు. సాఫ్ట్‌వేర్‌లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, నడుస్తున్న సర్వర్లను ఉన్నట్టుండి ఆపేసే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి దానికి "ఖేయాస్ మంకీ" అని పేరు పెట్టారు. కోతిని తోటలోకి వదిలి ఏ కొమ్మ విరుగుతుందో చూడటం అన్నమాట. ఇదే వాదన ఇప్పుడు నగర రవాణాకీ వచ్చింది. సమ్మె, వరద, లాక్‌డౌన్, ఇవన్నీ బస్సులకీ రైళ్ళకీ పాఠాలట, వరాలట.

దీనికి సాక్ష్యంగా అందరూ చూపించేది లండన్. 2014 ఫిబ్రవరిలో అక్కడి మెట్రో కార్మికులు రెండు రోజులు సమ్మె చేశారు. కొన్ని స్టేషన్లు మూతపడ్డాయి, కొన్ని పనిచేశాయి. జనం వేరే దారులు వెతుక్కున్నారు. ముగ్గురు ఆర్థికవేత్తలు టికెట్ కార్డుల లెక్కలు తీసి చూస్తే, రోజూ తిరిగేవాళ్ళలో దాదాపు 5 శాతం మంది సమ్మె అయిపోయాక కూడా ఆ కొత్త దారినే పట్టుకున్నారని తేలింది. అంటే అన్నేళ్ళూ వాళ్ళు తమకు మేలైన దారి ఏదో తెలియకుండానే తిరిగారు, సమ్మె వచ్చి తెలియజెప్పింది. మంచి పరిశోధనే, కాదనను. కానీ దాన్ని చదవగానే నాకు తట్టిన ప్రశ్న: వేరే దారి ఉన్న ఊరు కాబట్టి వెతుక్కున్నారు. లేని ఊళ్ళో?

ఈ వాదనని మన దగ్గర పరీక్షించాలంటే ఆర్టీసీని మించిన కేసు లేదు. దానికి తగలని దెబ్బ లేదు. 1932 జూన్‌లో నిజాం రైల్వేలో ఒక విభాగంగా, 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. రాష్ట్రాలు కలిశాక 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. తెలంగాణలో అప్పటికే ప్రభుత్వ బస్సులున్నాయి. ఆంధ్ర, రాయలసీమ జిల్లాల్లో మాత్రం రోడ్డంతా ప్రైవేటు ఓనర్లది. ఒక్కో కుటుంబానికి రెండు బస్సులో నాలుగు బస్సులో, ఒక పర్మిట్టో రెండో. పర్మిట్ అంటే ఆ రోజుల్లో కేవలం వ్యాపారం కాదు. బస్సున్నవాడికి ఊరూరా డ్రైవరూ కండక్టరూ క్లీనరూ ఉంటారు, ఎన్నికలప్పుడు జనాన్ని తోలడానికి బండి ఉంటుంది, రోజూ చేతిలో నగదు ఆడుతుంది. సీమ రాజకీయం తెలిసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ రూట్లను ప్రభుత్వం తీసుకోవాలంటే ఒక పద్ధతి ఉండేది. 1939 మోటారు వాహనాల చట్టానికి 1956లో ఒక కొత్త అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం ఫలానా రూట్లో తాను బస్సులు నడపడం ప్రజలకు అవసరమని కార్పొరేషన్ ముందు తనంతట తాను అభిప్రాయానికి రావాలి. స్కీమ్ రాయాలి, అచ్చువేయాలి. నష్టపోయేవాళ్ళకి అభ్యంతరం చెప్పుకోడానికి 30 రోజులు ఇవ్వాలి. ఆ తర్వాత ప్రభుత్వం వాళ్ళ మాట విని ఆమోదించాలి, మార్చాలి, లేదా తోసిపుచ్చాలి.

కాగితం మీద బాగుంది. మొదటిసారి కృష్ణా జిల్లాలోనే బెడిసికొట్టింది. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయించింది ఇంకొకరు. రవాణా శాఖ చూసే కార్యదర్శి విచారణ జరిపి కాగితాలు పైకి పంపితే, ముఖ్యమంత్రి ఆమోదించారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు అనే ఆపరేటర్ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1958 చివర్లో వచ్చిన తీర్పులో మెజారిటీ తరఫున రాసింది మన కోకా సుబ్బారావు గారే. ఒకరు విని మరొకరు తీర్పు చెప్తే ఆ వినడానికి అర్థమేముంది, పైగా విన్నది ఆ శాఖ మనిషే కదా అని స్కీమ్ కొట్టేశారు. ప్రభుత్వం ఏం చేసింది? సర్దుకుంది. ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. అదే గుళ్ళపల్లి మళ్ళీ కోర్టుకెక్కాడు. 1959లో కోర్టు ఈసారి ప్రభుత్వం వైపే నిలబడింది.

మా భాషలో చెప్పాలంటే బగ్ రిపోర్టు వచ్చింది, ఫిక్స్ చేశారు, మళ్ళీ టెస్ట్ చేస్తే పాసైంది. ఒక దెబ్బకి ఒక మరమ్మతు. తాలెబ్ చూస్తే సంతోషిస్తాడు.

తర్వాత కర్నూలు వంతు. సంజీవరెడ్డి మధ్యలో రెండేళ్ళు కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్ళి, 1962 మార్చిలో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత కర్నూలు జిల్లా రూట్ల జాతీయం స్కీములు బయటికొచ్చాయి. సి.ఎస్. రౌజీ, ఇంకొందరు ఆపరేటర్లు హైకోర్టుకు పోయి ఓడిపోయారు, సుప్రీంకోర్టుకు అప్పీలు చేశారు. జాతీయం చేయడమే తప్పని కాదు వాళ్ళ వాదన. మా జిల్లా ఇప్పుడే ఎందుకు, మా రూట్లే ఎందుకు, అన్నది. దానికి వాళ్ళే జవాబు కూడా చెప్పారు: ఎన్నికల్లో ముఖ్యమంత్రికి ఎదురు తిరిగిన వర్గం మాది, ఆ కక్షతోనే ఆయన కార్పొరేషన్ చేత మమ్మల్ని ముందుకు లాగించారు, అని అఫిడవిట్ వేశారు.

కేసు తిరిగిన మలుపు ఇక్కడ ఉంది. నా మటుకు నాకు తెలుగు నేల మీద పుట్టిన పరిపాలనా కథల్లో ఇంత ఆసక్తికరమైన ఘట్టం తక్కువ. ఆ అఫిడవిట్‌కి జవాబుగా వేరేవాళ్ళు అఫిడవిట్లు వేశారు. ముఖ్యమంత్రి వేయలేదు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ రాసిన తీర్పులో బరువంతా దీని మీదే పడింది. దురుద్దేశం ఉందని ఆరోపించడం తేలిక, నిరూపించడం కష్టం, కోర్టు తొందరపడి నమ్మదు. అది మామూలు సూత్రం. కానీ ఒక మనిషి మనసులో ఏముందన్న ఆరోపణకి ఆ మనిషే జవాబు చెప్పాలి, అతని తరఫున గుమాస్తా చెప్తే కుదరదు. కాదు అనగలిగిన ఒకే ఒక్క మనిషి కాదు అనలేదు. చట్టమేమో అభిప్రాయం కార్పొరేషన్‌ది అయి ఉండాలంటోంది. స్కీములు పోయాయి. కొన్ని వారాలకు ముఖ్యమంత్రీ పోయారు, కాసు బ్రహ్మానందరెడ్డి వచ్చారు.

జాతీయం ఆగిందా? లేదు. కోర్టు తప్పుపట్టింది దాన్ని కాదు కాబట్టి ఆగాల్సిన పనీ లేదు. డోన్‌లో, నంద్యాలలో, ఆళ్ళగడ్డలో ఇవాళ ఆర్టీసీ డిపోలున్నాయి. ఒకప్పటి ఆపరేటర్ల పేర్లు ఊరి ముసలివాళ్ళకి తప్ప తెలియవు. తర్వాతి కాలంలో ఏపీఎస్ఆర్టీసీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. నష్టమొచ్చే పల్లె రూటుని లాభమొచ్చే రూటు మోసే ఏర్పాటు ఆ విస్తరణ మీదే నిలబడింది. మనిషి నిండితే గానీ కదలని ప్రైవేటు బస్సుకి అది చేతనయ్యే పని కాదు. అందుకని ఆపరేటర్లు గెలిచారనో ఓడారనో చెప్పడం కష్టం. గెలిచిందీ బలపడిందీ ఒక్కటే: స్కీమ్ తయారుచేసే పద్ధతి. ఎందుకు ఈ రూటు, ఎందుకు ఇప్పుడు అన్నదానికి ఫైల్లో కారణం రాసిపెట్టుకోకపోతే కుదరదని కార్పొరేషన్‌కి తెలిసొచ్చింది. రౌజీ కేసుని కోర్టుల్లో ఆ తర్వాత కూడా ఉదహరిస్తూనే వచ్చారు.

దీనికీ ఆ తర్వాత తగిలిన దెబ్బలకీ తేడా చూడండి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పట్నాన్ని ముంచేశాయి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే హైవే తెగింది, కర్నూలు మీదుగా డోన్‌కి వచ్చే రైళ్ళూ ఆగాయి. డోన్ జంక్షన్‌ని మ్యాపులో చూస్తే బలమైన చోటులాగే కనిపిస్తుంది: ఒక వైపు కర్నూలు, ఒక వైపు బేతంచెర్ల మీదుగా నంద్యాల, ఇంకో వైపు పెండేకల్లు దాటి గుత్తి, గుంతకల్లు. కానీ జంక్షన్ బలమంతా దాని కొమ్మల్లో ఉంటుంది. ఉత్తరానికి పోయే కొమ్మ తెగితే డోన్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డవాడికి మిగతా రెండు కొమ్మలతో పనేముంది? ఈ ప్రాంతానికి ఆ తర్వాత నిజంగా ఒక కొత్త దారి వచ్చింది, నంద్యాల–యర్రగుంట్ల లైను. 2016 ఆగస్టులో దాని మీద రైలు నడిచింది. అయితే అది వరద నేర్పిన పాఠం కాదు. 1996-97లో మంజూరైన లైను. వరదకు పదమూడేళ్ళ ముందే అడిగినవాళ్ళున్నారు, కాగితం ఉంది, డబ్బే లేదు.

2013 సంగతి ఇంకా విచిత్రం. రాష్ట్ర విభజన ప్రకటనతో సీమాంధ్రలో ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఉద్యోగుల సమ్మె. ఆర్టీసీ బస్సులు దాదాపు 60 రోజులు డిపోల్లోంచి బయటికి రాలేదు. అక్టోబరులో కరెంటు ఉద్యోగులు కూడా దిగేసరికి కోస్తాలో విద్యుత్ ఇంజన్ల రైళ్ళు ఎక్కడివక్కడ ఆగాయి. డోన్ మీదుగా పోయే లైన్లకి అప్పటికింకా కరెంటు తీగలు పడలేదు, డీజిలే గతి. అభివృద్ధి ఆలస్యమవడం వల్ల మిగిలిన స్టెప్నీ టైరు లాంటిదది. ఇప్పుడు ఆ లైన్లకీ తీగలొచ్చాయి. మంచిదే. స్టెప్నీ పోయిందన్న సంగతి మాత్రం ఎవరూ ఏ ఫైల్లోనూ రాసుకొని ఉండరు.

ఆ రెండు నెలల్లో జనం దారి వెతుక్కోలేదా అంటే వెతుక్కున్నారు. లండన్ వాళ్ళకి ఇంకో మెట్రో లైను దొరికింది. మనవాళ్ళకి సెవెన్ సీటర్ ఆటో దొరికింది, లేదా టాపు మీద కూడా మనుషుల్ని ఎక్కించుకునే జీపు. తెలంగాణలో 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు నడిచిన సమ్మెలోనూ అంతే. దాదాపు 48,000 మంది కార్మికులు రోడ్డు మీద, ప్రభుత్వమేమో వాళ్ళంతట వాళ్ళే ఉద్యోగాలు వదులుకున్నారంటుంది. హైదరాబాద్‌లో స్తోమత ఉన్నవాళ్ళు మెట్రో ఎక్కారు. కార్మికుల్లో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. సమ్మె అయిపోయాక టికెట్ ధర పెరిగింది, సిటీ బస్సుల్లో కోత పడింది. లండన్ లెక్కలాగే ఇక్కడా కొంతమంది పాత దారికి తిరిగి రాలేదు. కానీ వాళ్ళు బస్సు వదిలి స్కూటర్ కొనుక్కున్నవాళ్ళు. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే అతను "నేర్చుకున్నాడు". బస్సు వైపు నుంచి చూస్తే ఒక టికెట్ పోయింది.

ఖేయాస్ మంకీని పొగిడేవాళ్ళు దాని వెనకున్న మూడు సంగతులు చెప్పడం మర్చిపోతారు. ఆ సర్వర్ పోయినా పని చేసే ఇంకో సర్వర్ ముందే ఉంటుంది. కోతిని వదిలింది పగటిపూట, ఇంజనీర్లు సీట్లలో ఉన్నప్పుడు. తర్వాత ఏం జరిగిందో ఎవరో ఒకరు కూర్చుని పేరు పెట్టి రాయాలి, అందరూ చదవాలి. నాలుగు రాత్రులు ఆన్‌కాల్ డ్యూటీ చేసిన ఎవరైనా చెప్తారు, మొదటి రెండూ డబ్బుతో కొనొచ్చు, మూడోదే అన్నిటికంటే కష్టం. ఎందుకంటే ఆ రాతలో పైవాళ్ళ పేరు కూడా వస్తుంది. 1964లో సరిగ్గా ఆ మూడోది జరిగింది. కోర్టు రాయించింది. రాయని ముఖ్యమంత్రి మౌనాన్ని కూడా రాతలాగే చదివింది. 2013లో, 2019లో అలాంటిది జరగలేదు. ఆంధ్రలో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. కార్మికులు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నది, వాళ్ళకి మేలు చేసేది. రేపు ఇంకో 60 రోజులు బస్సు ఆగితే డోన్ నుంచి కర్నూలు ఆసుపత్రికి పోవాల్సిన మనిషి ఏమెక్కాలి అన్న ప్రశ్నకి అది జవాబు కాదు.

2022లో డోన్‌కి ఇంకో రకం కుదుపు వచ్చింది. వరద లేదు, సమ్మె లేదు. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి డోన్ నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. హైవే మీద దగ్గరగా ఉన్న కర్నూలు కాకుండా, అంతకంటే దూరమున్న నంద్యాలకి కలెక్టరేట్ పనుల మీద పోవాలి. ఊరు కదల్లేదు, బస్సు పోవాల్సిన దిక్కు మారింది. ఆ జనవరిలో ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు అభ్యంతరాలకి గడువు కూడా పెట్టారు. 30 రోజులు.